డెబ్బై దగ్గర తెగిన తీగ

వరూధిని కెమెరానూ దాని జూమ్ లెన్సునూ బల్ల మీద పెట్టి చేతులు గబుక్కున వెనక్కి తీసుకుంది.

"బాగుచేయడం తర్వాత. ముందు ఈ లెన్సులో ఏముందో చూడండి" అంది.

"ఏముంటాది మేడమ్, దుమ్ము ఉంటాది" అన్నాడు బసవరాజు.

బెంగళూరు కాటన్‌పేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం అతనిది. అన్నలు కింద కొట్లో కూర్చుంటే, అతను మేడ మీద గదిలో కెమెరాలు విప్పుకుంటాడు. అది తొంభై ఎనిమిది వానాకాలం.

ఆమె చెప్పింది విన్నాక అతని నవ్వు ఆగిపోయింది. కెమెరా ఆమె అన్న చైతుది. నీకొచ్చే పెళ్లికొడుకును ముందు నా లెన్సులోంచే చూస్తానని ఏడిపించేవాడట. రెండేళ్ల కిందట హోసూరు రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత ఆమెకు మూడు సంబంధాలొచ్చాయి. ముగ్గురినీ ఈ కెమెరాతోనే ఫొటో తీయబోయింది. ముఖం దగ్గరకు రాగానే లెన్సు లోపల ఎవరో మూలిగినట్టు చప్పుడు, ఆ వెంటనే కెమెరా బిగుసుకుపోవడం. చెట్లూ ఇళ్లూ అయితే చక్కగా పడతాయి. చైతు వద్దంటున్నాడని వాళ్లమ్మ మూడు సంబంధాలూ తిప్పిపంపింది.

బసవరాజు లెన్సుకు కరెంటు అందించే వెనకవైపు ఇత్తడి చుక్కలను స్పిరిట్‌తో తుడిచి కెమెరాకు బిగించాడు.

"నన్ను తీయండి" అన్నాడు.

బయట మబ్బు కమ్మి గది మసకబారింది. ఆమె జూమ్‌ను డెబ్బై అంకె దాకా తిప్పి అతని ముఖం మీద నిలిపింది. మూలుగు రాలేదు. క్లిక్‌మంది. మళ్లీ తీసింది. మూడోసారీ పడింది. కెమెరా దించి అతనికేసి చూసిన చూపుకు బసవరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె కెమెరా, లెన్సు అక్కడే వదిలి, మెట్ల మీద రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ వానలోకి వెళ్లిపోయింది.

మరునాడు లెన్సు విప్పాడు. లోపల కాగితంలాంటి పలుచటి తీగపట్టీ. జూమ్‌ను డెబ్బై అంకె దగ్గరకు తిప్పితే అది మడతపడే చోట చిట్లి ఉంది. కరెంటు పారితే కూసే మీటరు పెట్టాడు. మిగతా చోట్ల కూసే మీటరు డెబ్బై దగ్గర మూగబోయింది. వంద సార్లు తిప్పాడు. ఒక్కసారైనా కరెంటు అందలేదు.

మరి నిన్న మూడుసార్లు ఎలా అందింది?

గదిలో తనొక్కడే ఉన్నాడన్న నమ్మకం సడలి, లేచి తలుపు తెరిచి పెట్టుకున్నాడు.

కొత్త పట్టీ వేస్తుండగా ఫోన్ మోగింది. వరూధిని. అన్న మిమ్మల్ని ఒప్పుకున్నాడని అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది అంది. తెగిన పట్టీ గురించి నోరు మూసుకుంటే చాలు, పిల్ల తనదవుతుంది. నిన్నటి నుంచి ఆ పిల్ల కళ్లే అతని ముందు తిరుగుతున్నాయి.

సాయంత్రం జయనగర్‌లో వాళ్లింటికి వెళ్లి, తెగిన పట్టీని ఆమె తల్లి అరచేతిలో పెట్టాడు.

"చెట్టును తీసేటప్పుడు జూమ్ తిప్పరమ్మా. ముఖానికైతే డెబ్బై దాకా తిప్పుతారు. అక్కడ తెగిపోయుండాది. కరెంటు అందక లోపలి మోటారు మూలుగుతాది, అంతే. మీ అబ్బాయి ఎవరినీ వద్దనలేదు."

ఆమె చాలాసేపు ఏడ్చింది. కొడుకు గొంతు రెండోసారి పోయినట్టయింది.

"మరి నీ ఫొటో మూడుసార్లూ పడిందిగా?"

"ఎందుకో నాకు తెల్దు. నాకూ భయమేసింది. కానీ దాన్ని అడ్డం పెట్టుకొని అల్లుణ్ణి కాలేను."

తల్లి కళ్లు తుడుచుకుంది. "లెన్సు సంగతి వదిలెయ్ నాయనా. నీ మాటేమిటి?"

"నాకు ఇష్టమే. ఆమెను అడగండి."

తల్లి కూతురి వైపు తిరిగింది. వరూధిని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"మూడు సంబంధాలొచ్చాయి, పోయాయి. నన్నడగమని అన్నది ఈయనొక్కరే" అంది నెమ్మదిగా.

తర్వాత అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆదివారం మీ అమ్మగారిని తీసుకురండి."