మబ్బుల మేళం

"అమూల్యగారూ, ఈ విందు మీ వీడ్కోలుకంట. మీరు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకున్నరంట. నిజమేనా?"

గిటారు శ్రుతి చేసుకుంటున్న శ్రీహర్ష తల ఎత్తకుండానే అడిగాడు. అమూల్య టీ గ్లాసుల ట్రేతో అక్కడే ఆగింది.

"నిజమే. వచ్చే వారం ఫ్లైటు."

"మొత్తానికేనా? మళ్ల రారా?"

"ఫైనల్ ఎగ్జిట్ అంటే మొత్తానికే. అది కూడా తెలియకుండానే సౌదీలో ఉంటున్నారా?"

"నాతోని ఒక్క మాటన్నా చెప్పలే."

"మీకెందుకు చెప్పాలండీ?"

అనేసి నాలుక కరుచుకుంది. ఆ మాటలో కోపం కంటే ఏడుపే ఎక్కువుందని తనకి తెలుసు. అతనికి తెలియకపోతే బాగుండుననుకుంటూ ఒక గ్లాసు అతని ముందు పెట్టి, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

వెళ్లిపోవడమే కదా ఆ అమ్మాయి ఏడాదిగా చేస్తున్న పని! అతను మెట్లెక్కుతుంటే తలుపు వేసుకోవడం, అతను భోజనానికి వస్తే తలనొప్పని ముసుగు తన్నడం. ఇప్పుడిక దేశమే వదిలి వెళ్లిపోతోంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేదా అది? పెళ్లయినవాణ్ణి ప్రేమించానని ఏ ఆడపిల్ల నోరు తెరిచి చెప్పుకుంటుంది, మీరే చెప్పండి!

అమూల్యది తెనాలి. ఖమీస్ ముషైత్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. పక్కనే కొండమీది ఊరు అభాలో బాబాయి అచ్యుతరావు ఇంట్లో మకాం. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. తెనాలిలో అమూల్య పెళ్లి శుభలేఖలు కూడా పంచేశాక, పెళ్లికొడుక్కి షార్జాలో అప్పటికే ఒక భార్య ఉందని బయటపడింది. నలుగురిలో తలెత్తుకోలేక కుమిలిపోతుంటే, "నా దగ్గరికి వచ్చెయ్యవే" అని పిన్ని రాజ్యం పిలిపించుకుంది.

ఆమె వచ్చిన కొత్తలోనే పై వాటాలోకి శ్రీహర్ష దిగాడు. జగిత్యాల అబ్బాయి, కరెంటు సబ్‌స్టేషన్లు కట్టే కంపెనీలో ఇంజనీరు. ఆ బిల్డింగులో బ్యాచిలర్లకి ఇల్లివ్వరు. ఆ ఒక్క బిల్డింగనేముంది, మనవాళ్లు ఎక్కడ వెతికినా మొదటి ప్రశ్న అదే, "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" అని. శ్రీహర్షది ఫ్యామిలీయే. భార్య ఊళ్లో ఉంది, వీసా రాగానే వస్తుంది. ఆ మాట మీదే అచ్యుతరావు ఓనరుకి పూచీ ఉండి ఇల్లు ఇప్పించాడు. వీసా మాత్రం ఇదిగో అదిగో అంటూ రానే లేదు.

"పాపం, కొత్తగా పెళ్లయిన పిల్లాడు, వండిపెట్టే దిక్కు లేదు" అని రాజ్యం రోజూ ఏదో ఒక గిన్నె పైకి పంపేది. గిన్నె పట్టుకెళ్లేది అమూల్య. తలుపు కొట్టగానే లోపల గిటారు ఆగేది.

"ఇయ్యాల ఏం కూర?"

"తినబోతూ రుచులెందుకండీ?"

గుమ్మంలో ఆ రెండు మాటలు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. ఒకరోజు గోంగూర గిన్నె ఇచ్చి కిందికి దిగుతూ, తన గుండె ఎందుకంత గట్టిగా కొట్టుకుంటోందో తెలిసి, అమూల్య మెట్ల మీదే కూలబడింది.

ఆ తర్వాత అతను వెకేషన్‌కి బయల్దేరితే, తెలిసినవాళ్లంతా తమ ఇళ్లకి పొట్లాలు కట్టిచ్చారు. గల్ఫ్‌లో అది మామూలే. రాజ్యం మాత్రం అతని భార్యకని చీర కొంది. "జతకి గాజులు నువ్వు తీసుకురావే" అంది. అమూల్యే షాపుకెళ్లి, ఎన్నడూ చూడని ఆ అమ్మాయికి తన చేతి కొలత మీద గాజులు తెచ్చింది. ఇంటికొచ్చి తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తనకి జరిగిన అన్యాయం తనే ఇంకో ఆడదానికి చేస్తానేమోనని భయం పట్టుకుంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది అందుకే.

ఇవాళ శుక్రవారం. అభా బయట కొండమీద ఒక ఇస్తిరాహాలో, అదే, సెలవుపూట అద్దెకి తీసుకునే తోట ఇంట్లో, అమూల్యకి వీడ్కోలు విందు. నాలుగైదు తెలుగు కుటుంబాలు, మధ్యాహ్నం భోజనాలు, ఆపైన పాటలు. పాడేది మబ్బుల మేళం. అభాలో మబ్బులు కిటికీలోంచి నేరుగా ఇంట్లోకే వచ్చేస్తాయి కాబట్టి, తమ ముగ్గురి బ్యాండుకి కీబోర్డు వాయించే శరత్ ఆ పేరు పెట్టాడు. తబలా జానీది, గిటారూ గొంతూ శ్రీహర్షవి.

"ఇది మా అమ్మాయి కచేరీ!" అని అచ్యుతరావు మైకు పట్టుకున్నాడు. "ఏడిపించే పాటలు పాడకండయ్యా. తిన్నది అరగదు."

అందరూ నవ్వారు. అమూల్య కూడా నవ్వింది. ఇవాళ ఒక్క పూట అతని పాట కడుపునిండా విని, తర్వాత ఈ మనిషిని జన్మలో తలుచుకోకూడదని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చింది.

రెండు పాటలయ్యాయి. మూడోది మొదలుపెట్టగానే పట్టపగలే చీకటి కమ్ముకొచ్చింది. ఆ వెంటనే వరండా రేకుల మీద ఎవరో బస్తాలకొద్దీ కంకర గుమ్మరించినట్టు ఒకటే మోత. పిల్లలు కేకలు పెడుతూ కిటికీల దగ్గరికి పరుగెత్తారు.

"మంచు! మంచు!"

"మంచు కాదురా, వడగళ్లు!"

ఏదైతేనేం, చూస్తుండగానే పెరడంతా తెల్లబడిపోయింది. కార్ల మీద, గోడల మీద, ఎదురుగా కొండవాలు మీద తెల్లటి దుప్పటి పరిచినట్టయింది. చలి తలుపు సందుల్లోంచి తోసుకొచ్చింది. కరెంటు పోయింది. మైకు మూగపోయింది, కీబోర్డు ఆరిపోయింది. ఘాట్ రోడ్డు మూసేశారని, మెషిన్లు వచ్చి తీసేదాకా ఎవరూ దిగొద్దని ఫోన్లకి మెసేజ్ వచ్చింది.

"ఖలాస్!" అని శరత్ చేతులెత్తేశాడు. "పొండి, పొయ్యి దగ్గర కూర్చోండి."

"జానీ తబలాకి కరెంటెందుకు?" అన్నాడు శ్రీహర్ష. "నా గొంతుకెందుకు? అందరూ దగ్గరికి జరగండి."

తివాచీ మీద జనమంతా ఒకరికొకరు ఆనుకుని, కంబళ్లు కప్పుకుని, చిన్న గుండ్రంగా కూర్చున్నారు. అమూల్యకి సరిగ్గా అతని ఎదురుగానే చోటు దొరికింది. లేచిపోదామంటే దారి లేదు. అతను కళ్లు మూసుకుని, తను కట్టుకున్న పాటేదో మెల్లగా ఎత్తుకున్నాడు.

"దాటిపోయే మబ్బునాపి దాహమనీ అడగలేదు
నోటిదాకా వచ్చె మాట, నీకు ఇంకా చెప్పలేదు..."

మైకు లేని గొంతు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. జానీ వేళ్లతో తడుతున్నాడే గాని కొట్టడం లేదు. ఎప్పుడూ అల్లరి చేసే పిల్లలు సైతం తల్లుల ఒళ్లోకి చేరి నోళ్లు మూసుకున్నారు. 'ఎంత అదృష్టవంతురాలో ఆవిడ' అనుకుంది అమూల్య. అనుకున్నందుకు సిగ్గుపడింది. శాలువా మొహం మీదికి లాక్కుంటే అది తడిసిపోయింది.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందు తేరుకున్నది రాజ్యమే.

"ఆ పిల్ల మీద ఎంత బెంగ పెట్టుకున్నావు నాయనా!" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఈ వడగళ్ల వీడియోలు ఈపాటికి ఇండియా అంతా తిరుగుతుంటాయి. నీకేమయిందోనని హడలిపోతూ ఉంటుంది. ఫోన్ చెయ్యి. వీడియో కాలే చెయ్యి, మేమూ చూస్తాం. ఒక్కసారైనా చూపించావా ఆ మహాలక్ష్మిని!"

"అవునవును, చెయ్యవయ్యా!" అని అందరూ అందుకున్నారు.

శ్రీహర్ష మొహంలో నెత్తురు చుక్క లేదు. శరత్, జానీ తివాచీలో పువ్వులు లెక్కపెడుతున్నట్టు తలలు వంచేశారు. ఏదో గొడవపడి ఉంటారు పాపం, అనుకుంది అమూల్య. చూస్తూ ఊరుకోలేకపోయింది.

"వదిలెయ్యి పిన్నీ. సిగ్నల్ ఉందో లేదో. తర్వాత చేసుకుంటారులే."

శ్రీహర్ష తలెత్తి ఆమెనే చూశాడు. గిటారు పక్కన పెట్టాడు.

"ఫోన్ చేసెటందుకు ఎవ్వరూ లేరమ్మా."

రాజ్యం బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో అయ్యో! ఎప్పుడు పోయింది నాయనా? మాతో చెప్పకుండా నీలో నువ్వే దిగమింగుకున్నావా!"

"పోలేదమ్మా. అసలు లేదు. నాకు పెళ్లి కాలే."

జానీ చెయ్యి జారి తబలా 'తుమ్' మంది.

"కంపెనీ రూముల ఆరుగురం ఉండేటోళ్లం," అన్నాడు శ్రీహర్ష. "ఇల్లు కావాలంటే ఫ్యామిలీ అని చెప్పుమన్నడు ఏజెంటు. చెప్పిన. సార్‌తోని కూడా అదే చెప్పిన. నెల తిరిగినంక నిజం చెప్దామనుకున్న. మీరు ఇంట్ల మనిషి లెక్క చూసుకుంటుంటే నోరు రాలే. మీరిచ్చిన చీర, గాజులు నా సూట్‌కేసుల అట్లనే ఉన్నయి."

"అంటే లేని పిల్లకి నేను చీర కొన్నానా? వీసా రావాలని శనివారాలు కూడా ఉన్నానే!" రాజ్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అచ్యుతరావు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన అలా ఉండటం అమూల్య ఎప్పుడూ చూడలేదు.

"ఆ ఓనరు నా మొహం చూసి ఇల్లిచ్చాడయ్యా. 'నీ మాట చాలు ఉస్తాద్' అన్నాడు. పరాయి దేశంలో మనకున్నది మాటొక్కటే. దాన్ని నువ్వు నా చేతే పాడు చేయించావు."

"నిజమే సార్. రేపు నేనే పోయి ఆయనకి చెప్త. మిమ్మల్ని కూడా మోసం చేసిన అని చెప్త. ఇల్లు ఖాళీ చేయమంటే చేస్త."

"ఇన్నాళ్లు చెప్పనిది ఇవాళెందుకు చెప్పావు?"

శ్రీహర్ష అమూల్య వైపు చూశాడు. "వచ్చే వారం దాటితే చెప్పి లాభం లేదు సార్."

అందరి తలలూ అమూల్య వైపు తిరిగాయి. ఆమె విసురుగా లేచి వరండాలోకి వెళ్లిపోయింది. వెనకే శ్రీహర్ష లేచాడు. రాజ్యం కూడా లేవబోతే అచ్యుతరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "కూర్చో రాజ్యం. మాట్లాడుకోనీ."

వరండా చూరు నుంచి ఇంకా వడగళ్లు రాలుతున్నాయి. అమూల్య అతని వైపు తిరగలేదు.

"ఒకడు ఉన్న భార్యని దాచాడు. మీరు లేని భార్యని చూపించారు. ఏంటి తేడా?"

"ఏం తేడా లేదు. అబద్ధం అబద్ధమే."

వాదిస్తాడనుకుంది. వాదిస్తే తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకుంది. అవన్నీ గొంతులోనే చిక్కుకుపోయి, ఇంకో మాట బయటికొచ్చింది.

"నేనెంత సిగ్గుపడ్డానో తెలుసా మీకు? పెళ్లయినవాడి మీద మనసు పారేసుకున్నానని అద్దంలో నా మొహం నేను చూసుకోలేకపోయాను. ఉద్యోగం ఊరికే వదిలేశాననుకున్నారా? ఏడాదిపాటు నన్ను నేను అసహ్యించుకున్నానండీ!"

శ్రీహర్ష ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నన్ను చూస్తే తలుపేసుకునేటోళ్లు. నేనంటే గిట్టదనుకున్న."

"గిట్టకపోతే గోంగూరలోకి ఉల్లిపాయ ముక్కలు విడిగా మూత గిన్నెలో పెట్టి తెచ్చేదాన్నా?"

"నాకు మీరంటే మొదటి సంది ప్రాణం. పెండ్లయినోని లెక్క తిరిగేటోడు పరాయి పిల్లతోని ప్రేమ అంటే చెప్పు తీసుకొని కొడతరు. పెండ్లి కాలేదంటే అబద్ధాలకోరు అంటరు. మీకు జరిగింది రాజ్యమ్మ చెప్పినంక ఇంక భయమైంది. ఏది చెప్పినా మీరు దూరమైతరని ఏదీ చెప్పలే. మీరు ఇంత బాధ పడుతున్నరని తెలిస్తే రోడ్డు మీదన్నా పండుకునేటోణ్ణి, ఆ ఇంట్ల ఉండకపోతుంటి."

అతని కళ్లలో నీళ్లు తిరగడం చూసింది. కరిగిపోకూడదనుకుంది. సగం కరిగిపోయింది. మిగతా సగం మాత్రం గట్టిగా పట్టుకుంది.

వడగళ్లు ఆగాయి. కింద రోడ్డు మీద మెషిన్ల రొద వినపడింది. అచ్యుతరావు శాలువా కప్పుకుని, ముందుగా దగ్గి మరీ వరండాలోకి వచ్చాడు. వెనకే రాజ్యం.

"రోడ్డు తెరుస్తున్నారట," అన్నాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఓనరు దగ్గరికి నేనూ వస్తానయ్యా. నువ్వు చెప్పేది నా పక్కన నిలబడి చెబుదువుగాని." ఆపైన అమూల్య తల మీద చెయ్యి వేశాడు. "ఫైనల్ ఎగ్జిట్ వాడకముందు క్యాన్సిల్ చేయించొచ్చమ్మా. మీ మేనేజరుతో నేను మాట్లాడనా?"

రాజ్యం చేతులు జోడించే ఉంది.

"వద్దు బాబాయ్," అంది అమూల్య. "వెళ్తాను."

"అదేంటే!" అంది రాజ్యం.

"ఒకడి అబద్ధానికి అక్కడినుంచి ఇక్కడికి పారిపోయి వచ్చాను పిన్నీ. ఇంకొకరి అబద్ధానికి ఇక్కడినుంచి పారిపోబోయాను. ఇంక పారిపోను. ఇప్పుడు మా ఇంటికి వెళ్తున్నాను, అంతే." అప్పుడు శ్రీహర్ష వైపు తిరిగింది. "మీరు తెనాలి రండి. మీ అమ్మానాన్నల్ని తీసుకురండి. మా నాన్న ఎదురుగా కూర్చుని, ఇంటి కోసం చెప్పిన అబద్ధం దగ్గర్నుంచి మొత్తం మీ నోటితోనే చెప్పండి. ఒక్కటి కూడా తగ్గించొద్దు. మా నాన్న ఒకసారి మోసపోయిన మనిషి. అంతా విన్నాక ఆయన 'అమ్మాయిని కాఫీ తెమ్మను' అన్నారనుకోండి, నేనే తెస్తాను."

"వస్త," అన్నాడు శ్రీహర్ష. "అన్నీ చెప్త. కానీ అంతా విన్నంక... ఆయన తెమ్మనకపోతే?"

అమూల్య అతని మొహంలోకి చూసింది.

"అప్పుడు కూడా నేనే తెస్తాను."