బూడిద మాంత్రికుడి బహిష్కరణ

మార్చి పదకొండు, ఆదివారం. ఆ ఉదయం తిన్నవి రెండు ఉడికించిన గుడ్లు, అంచు మాడిన రొట్టెముక్క. తరవాత ఎన్నో మిషన్లు మరుపున పడ్డాయిగానీ, ఆ మాడిన అంచు రుచి మాత్రం మాస్టారి నాలుకను వదల్లేదు. దాన్ని నములుతుండగానే చీఫ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"పిచ్చుక ఫోటో లీకయింది."

మాస్టారు నమలడం ఆపేశారు. పిచ్చుక అంటే శత్రుదేశంలో పనిచేస్తున్న ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌కి కోడ్‌నేమ్, ఆయనకు మాత్రం సొంత మరదలు. భార్య పోయేముందు చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే: "చెల్లిని కనిపెట్టుకుని ఉండండి."

"ఫోటోని ఆవగింజంత చుక్కగా కుదించిన మైక్రోడాట్. ఒకే కాపీ. ఇవాళ లైబ్రరీ పైగదిలో చేతులు మారుతుంది. ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో తెలీదు. సరిహద్దు దాటిందా, రేపు ఈపాటికి పిచ్చుక ఉండదు."

"పైగదిలో ఏముంది?"

"ఆట. పాతకాలపు గ్రీకు దీవుల్లో మాంత్రికుల మహాసభట. ఒక్కొక్కరూ ఒక్కో మాంత్రికుడు. రెండు వర్గాలు, రోజంతా కుట్రలు. నీకో కుర్చీ సంపాదించాను. ఆరింటికి ఆట ముగుస్తుంది. అప్పుడు గేటు దగ్గర మనవాళ్ళు అందర్నీ సోదా చేస్తారు. ముందే కనబడితే దొంగ జారుకుంటాడు. లోపల మన మనిషే ఇంకొకరు ఉంటారు. కోడ్ గుర్తుంచుకో."

గది చిన్నది. ఒక పొడవాటి బల్ల, ఏడు కుర్చీలు, కొవ్వొత్తులు. ఆటను నడిపే లైబ్రేరియన్ అందరికీ నల్ల అంగీలు తొడిగించి, ఫోన్లు రేకుపెట్టెలో వేయించి, తలుపుకి తాళంవేసి తాళంచెవి మెళ్ళో వేసుకున్నాడు.

"మహాసభ ముగిసేదాకా ఎవరూ బయటికి పోరాదు. ఒక్క బహిష్కృతుడు తప్ప. ఐదింటికి ఓటింగ్. వెళ్ళగొట్టాలనుకున్న వారి పేరు కుండపెంకు మీద రాయాలి. ఎక్కువ పెంకులు పడ్డవారు మొత్తం పెంకులు సంచిలో వేసుకుని వెంటనే వెళ్ళిపోవాలి. ఎవరు ఎవరికి ఓటేశారో ఇక్కడ తెలియకూడదు కదా!"

కోటవర్గంలో పళ్ళ డాక్టరు, బేకరీ ఆయన, ఆయన భార్య. కడలివర్గంలో నగల డిజైనరు, బస్సు డ్రైవరు, పియానోలు సరిచేసే పెద్దాయన. ఏ వర్గానికీ చెందని బూడిద మాంత్రికుడు మన మాస్టారు.

నగల డిజైనరు కూర్చున్నచోటే వెలుగొచ్చినట్టుంది. నల్ల అంగీని కూడా పట్టుచీరలా మోయగల మనిషి. ఆమె వంగి, "ఇక్కడ గాలి తక్కువ కదూ?" అంది.

"కిటికీ తెరిస్తే దీపాలు ఆరిపోతాయి," అన్నారు మాస్టారు. కోడ్ కలిసింది. హమ్మయ్య, ఒంటరిని కాను అనుకున్నారు.

భోజనాల వేళకి మాస్టారు డబ్బా తెచ్చుకోలేదని బేకరీ ఆవిడ కనిపెట్టింది. తన రొట్టె సగం తుంచి ముందు పెట్టింది.

"తినండి అన్నయ్యగారూ. ఖాళీ కడుపుతో మంత్రాలు పలకవు."

పళ్ళ డాక్టరు మాత్రం పొద్దుటినుంచీ అందరి ప్రాణాలూ తోడేస్తున్నాడు. సొంతవర్గం సంధిపత్రం చింపేశాడు. కడలివర్గం ఓడలు తగలబెట్టాడు. "నీ మంత్రానికి పిండి కూడా పొంగదు!" అని బేకరీ ఆయన మొహమ్మీదే అన్నాడు. అందరూ తిట్టినకొద్దీ డాక్టరు మొహం వెలిగిపోతోంది.

గెలవడానికి ఎంత గడ్డైనా తినేవాళ్ళని మాస్టారు చాలామందిని చూశారు. ఓడిపోవడానికి ఇంత కష్టపడేవాణ్ణి ఇదే చూడటం.

నాలుగింటికి పెంకులు పంచారు. మాస్టారు కళ్ళజోడు మార్చుకున్నారు. మైక్రోడాట్‌ని అతికించే జిగురు ఆ అద్దాల్లోంచి చూస్తే నీలంగా మెరుస్తుంది. బల్ల చుట్టూ చూపు తిప్పారు. నగల డిజైనరు వేళ్ళ మధ్య, పెంకు అడుగున, నీలంచుక్క.

గది ఒక్కసారిగా ఇంకా చిన్నదైపోయింది.

అన్నీ అర్థమయ్యాయి. డాక్టరుని వెళ్ళగొడతారు. ఆమె పెంకుతో సహా సంచి అతని చేతికొస్తుంది. సోదాకి గంట ముందే దర్జాగా వెళ్ళిపోతాడు. ఫోన్ లేదు, తాళంచెవి లేదు, తోడనుకున్న మనిషే దొంగ. పోనీ, మీదపడి లాక్కుంటే? డాక్టరు అంగీలో ఎడమచంక ఎత్తుగా ఉంది. పళ్ళు పీకే సామాను ఎవరూ అక్కడ పెట్టుకోరు. బల్ల చుట్టూ ఏ పాపమూ ఎరగని నలుగురున్నారు.

మిగిలింది ఒకటే దారి. గంటలోపల తను ఆ డాక్టరు కన్నా చెడ్డవాడు కావాలి. ఇరవయ్యేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, ఒక్క పిల్లాణ్ణీ క్లాసులోంచి బయటికి పంపని మనిషి.

ఆయన లేచి నిలబడ్డారు.

"మహాసభకి ఒక మనవి. ఈ డ్రైవరుగారు... అంటే, తుఫాను మాంత్రికులవారు, నా మద్దతు కోసం సొంతవర్గం రేవుని నాకు రాసిస్తానన్నారు. ఇదిగో చీటీ."

"మాస్టారూ! అది మనిద్దరి మధ్య మాట!" డ్రైవరు కుర్చీలోంచి ఎగిరాడు.

"బేకరీ ఆయన సొంతవర్గానికి తెలియకుండా కడలివర్గంతో రహస్య ఒప్పందం చేసుకుని, కాగితం నన్ను దాచమన్నారు. ఇదీ ఆ కాగితం."

"పెద్దమనిషనుకున్నాను. ఛీ!" అన్నాడు బేకరీ ఆయన.

"ఇక ఆటలో ఒక్కొక్కరూ తమ శక్తి ఒక్కసారే వాడొచ్చు కదా, నాది వాడేస్తున్నాను. అన్ని దీవుల మంచినీటి ఊటలూ ఈ క్షణంనుంచి ఎండిపోతాయి."

బల్ల అంతా గగ్గోలు. డాక్టరు నవ్వు మాయమైంది. నగల డిజైనరు మాత్రం మాస్టారి కళ్ళజోడు వైపు తేరిపార చూసింది. అప్పటికే లైబ్రేరియన్ కుండ పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"పెంకు, అమ్మా."

అందరి కళ్ళూ ఆమె మీదే. గుప్పిట తెరిచి పెంకు కుండలో వెయ్యక తప్పలేదు.

"ఉరుముల మాంత్రికుడు," లైబ్రేరియన్ చదవడం మొదలుపెట్టాడు. అది డాక్టరు. "బూడిద. ఉరుములు. బూడిద. బూడిద. ఉరుములు."

మూడు, మూడు. ఇంకొక్క పెంకు. తన ఓటు తనకే వేసుకున్నారు. డ్రైవరు, బేకరీ ఆయన కసిగా రాయడం కళ్ళారా చూశారు. ఉరుములవి డాక్టరుదీ, డిజైనరుదీ, ఓడలు పోగొట్టుకున్న పియానో పెద్దాయనదీ అయ్యుండాలి. మిగిలింది బేకరీ ఆవిడ ఓటే. రొట్టె తుంచి పెట్టిన చెయ్యి తనని వెళ్ళగొడుతుందా? మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"బూడిద."

డాక్టరు సగం లేచాడు. "మహాసభ సాగుతోంది, కూర్చోండి," అన్నాడు లైబ్రేరియన్, మెళ్ళో తాళంచెవి తీస్తూ. బహిష్కృతుడు సంచి భుజాన వేసుకుని తలవంచుకుని బయటికి నడిచాడు. వెనకాల తాళం మళ్ళీ పడింది.

వీధిమలుపులో లాండ్రీ వ్యాన్. చీఫ్ పెంకులు ఒళ్ళో పోసుకుని చుక్కని గోటితో గీరి తీశాడు.

ఆరింటికి అంగీలు తిరిగి ఇచ్చేవేళ, చీఫ్ మనుషులు డాక్టరుని తలుపు దగ్గరే పట్టుకున్నారు. అంగీ తలమీదుగా విప్పేటప్పుడు ఎవరివైనా రెండు చేతులూ పైనే ఉంటాయి. 'హ్యాండ్సప్' అనే శ్రమ కూడా తప్పింది. నగల డిజైనరు మాత్రం అంగీ తనే మడతపెట్టి ఇచ్చి, బేడీలకి చేతులు చాపింది.

ఒక పెంకు మాస్టారు దాచుకున్నారు. పేరు కింద చిన్న అక్షరాలున్నాయి: 'ఒంట్లో బాగున్నట్టు లేదు. తలుపుకేసే చూస్తున్నారు. ఇంటికెళ్ళి పడుకోండి అన్నయ్యగారూ.'

"గంటసేపు అంత గింజుకున్నావు," అన్నాడు చీఫ్, ఇంటి ముందు దింపుతూ. "చివరికి నిన్ను మనసారా అసహ్యించుకున్నది ఇద్దరే."

"మొదటిసారి కదండీ," అన్నారు మాస్టారు.

ఆ పెంకుని, భార్య గుర్తుగా దాచుకున్న పాత కళ్ళజోడు పక్కన నిలబెట్టి, బేకరీ ఆవిడ చెప్పినట్టు పడుకోవడానికి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.