రాయమల్లు ఒప్పుకున్న తప్పు

యమున రాగిజావ వడగట్టి గ్లాసులో పోసింది. మామ రాయమల్లు నోరు ఇంకా సరిగ్గా తెరుచుకోవడం లేదు. పన్ను పీకించుకున్నాక దవడ వాచి, చీము మెడ దాకా దిగితే కరీంనగర్ తీసుకుపోయి కోయించాల్సి వచ్చింది. ఇప్పుడు చెంచాతో తాగుతాడు. జావ గడ్డం మీదికి కారినా పెదవికి స్పర్శ లేక ఆయనకు తెలియదు. యమునే తుడుస్తుంది.

పన్ను పీకిన పళ్ల డాక్టరు జగదీశ్వర్ యమున పెద్దమ్మ కొడుకు. నాన్న పోయాక యమునను పెంచి చదివించింది ఆ ఇల్లే. మామ పనిచేసిన బొగ్గుగని కంపెనీ దవాఖానలో లైన్ కట్టడమెందుకు, మనోడే ఉన్నాడు కదా అని మామను అక్కడికి తీసుకుపోయింది కూడా తనే.

"ఒక్కటే అడుగుతున్న. బాపుకు షుగరుందని మీ అన్నకు చెప్పినవా, లేదా?" చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు భర్త సంపత్.

ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే ప్రశ్న. చెప్పానంటే తప్పంతా అన్న మీద పడుతుంది. చెప్పలేదనడానికి నోరు రాదు. యమున గ్లాసు కడగడానికి వెళ్లింది.

"అంటే మర్సిపోయినవ్," అని సంపత్ ఆటో కోసం బయటికి నడిచాడు.

గోదావరిఖని కోర్టు దగ్గర మేడ మీద వకీలు రమ ఆఫీసు. ఆమె ఆస్పత్రి కాగితాలు చూసింది. ఇంకో పళ్ల డాక్టరుతో అభిప్రాయం రాయించుకు రమ్మంది. ముందు నోటీసు, తర్వాత వినియోగదారుల కమిషన్ అని నెమ్మదిగా వివరించి, షుగరున్న సంగతి డాక్టరుకు తెలుసా అని అడిగింది.

రాయమల్లు పెదవికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "నాదే తప్పు మేడం. నేనే దాచిపెట్టిన."

"గట్లంటే కేసు నిలవడది కాకా."

"నిలవడకపోతే పాయె."

"ఇది గని కాదు బాపు," సంపత్ విసుక్కున్నాడు.

'నాదే తప్పు' అనేది గనిలో దెబ్బ తగిలినవాళ్లు విచారణలో అనే మాట. తోటివాడికి ఛార్జిషీటు రాకుండా నెపం తమ మీద వేసుకుంటారు. పైకప్పుకు ఆసరా పెట్టడం మరిచినవాడి కోసం రాయమల్లు కూడా విరిగిన కాలితో అలాగే రాయించాడు. ఈసారి ఆయన కాపాడుతున్నది డాక్టరును కాదని యమునకు అర్థమైంది.

"మామ తప్పేం లేదు మేడం. షుగరుందని మామకంటే ముందు లోపలికి వోయి నేనే చెప్పిన. 'ఒక్క పన్నుకేమైతదే' అన్నడు మా అన్న. వాచినంక ఫోన్ జేస్తే గోలీలతోని తగ్గుతదన్నడు."

సంపత్ తల వంచుకున్నాడు.

"ఈ మాట కమిషన్ ముంగట చెప్తవా? పుట్టింటోళ్లు ఊకోరు మరి," అంది రమ.

"చెప్త."

మెట్లు దిగుతూ రాయమల్లు ఆగాడు. "నువ్వు మర్సినవనుకున్న బిడ్డా."

"అయినా నన్ను ఒక్క మాట అనలే మామ నువ్వు." యమున కొంగుతో కళ్లు ఒత్తుకుని ఫోన్ తీసింది. "నోటీసు కాయితం పోకముందే పెద్దమ్మకు నేనే చెప్పాలె."

సంపత్ ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. రాయమల్లు మెట్టు మీద కాస్త జరిగి కూర్చుని, పక్కన చోటు చూపించాడు. అవతల ఫోన్ మోగుతోంది.