ఎనిమిదో మెట్టు

"నా క్లిప్‌ని ఎవరు ముట్టుకున్నారు?"

గ్రాఫిక్స్ గదిలో ఉన్న తలలన్నీ లేచాయి. మూడో సీట్లోని తల మాత్రం ఇంకాస్త కిందికి వంగింది. దొంగ ఎవరో అక్కడే తేలిపోయింది.

అలా అరిచిన అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ట్రయల్ ఈ రోజుతో సరి. సాయంత్రం ఐదింటికి పెద్దాయన, అంటే ఆ విభాగం హెడ్డు, ఆమె కంప్యూటర్‌లో కురిపించిన వాన షాట్ చూసి ఉంచాలో పంపాలో తేల్చేస్తారు. పంపేస్తే అన్నయ్య ఫొటో స్టూడియోలో కౌంటర్ దగ్గర కూర్చోవాలి. "నీవల్ల కాదులే" అన్న అన్నయ్య దగ్గరికి తలొంచుకుని వెళ్లడం ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ మహా చాడీలకోరు. క్లిప్‌కి ఎవరేం చేసినా హిస్టరీలో ఒక్కో మెట్టుగా రాసి పెట్టుకుంటుంది: ఏ పని, ఎన్నింటికి, ఏ సీటు నుంచి.

ఆమె విసవిసా మూడో సీటు ముందుకొచ్చి నిలబడింది. "మునిగారూ!"

రోజుకు పది మాటలు దాటడని ఆఫీసంతా కలిసి అతనికి పెట్టిన పేరది.

"నేను క్యాంటీన్‌లో ఉన్నప్పుడు ఎనిమిదో మెట్టు మీ సీటు నుంచి పడింది. ఏంటిది?"

"గొడుగు అంచు దగ్గర వాన తెగిపోతోందండీ. కొంచెం సరిచేశా."

"నేనడిగానా?"

"లేదు."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరేమో అడక్కుండానే వడ్డించేశారు!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"షాట్ బాగా వచ్చింది కదండీ. పెద్దాయనకు తెలీదు."

"నాకు తెలుసుగా! పాసయితే అది నా పాసెలా అవుతుంది? తీసేస్తున్నా."

"రెండు గంటలే టైముంది. ఆ పైన మీరు చేసిన రంగూ, మసకా కూడా చెడిపోతాయి."

"చెడనీండి."

తీసేసింది. అతనన్నంత పనీ అయింది. గొడుగు చుట్టూ వాన ఎలుక కొరికిన గుడ్డలా తయారైంది. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంది గానీ కుర్చీ వదల్లేదు. హిస్టరీలో ఏడో మెట్టు చూసింది, ఆరోది చూసింది, అలా దిగుతూ దిగుతూ మూడో మెట్టు దగ్గర ఆగింది.

గొడుగు ఎటు కదిలితే వాన అటు కదలాలని తను పెట్టిన గుర్తు, గొడుగు కొన మీద కాక వెనకున్న వీధి దీపం మీద పడింది. తప్పు తనదే. మునిగారు పైపైన పూత పూశాడంతే.

గుర్తు మార్చింది. పైనున్న మెట్లన్నీ ఒకదాని వెనక ఒకటి కొత్తగా సర్దుకున్నాయి. వాన గొడుగు మీద పడి, అంచున జారి, బుద్ధిగా కిందికి దిగింది.

"నాకిది తట్టనే లేదు," అన్నాడు అతను వెనక నిలబడి. ఆ గొంతులో అసూయ లేదు. ఆమె తల తిప్పి మొదటిసారి అతని మొహం సరిగ్గా చూసింది. చూడదగ్గ మొహమే.

ఐదింటికి పెద్దాయన షాట్ రెండుసార్లు చూశారు. "హిస్టరీ తెరువమ్మా. ఆఖరి గంటలో మూడో మెట్టు దాకా వెళ్లావేం? పైన సర్దేస్తే పోయేదిగా?"

"కింద తప్పు ఉంచుకుని పైన సర్దితే ఇంకోచోట బయటపడుతుంది సార్."

"ఊఁ. ఉండిపో."

అక్కడితో అయిపోయేదే. మునిగారు లేచి నిలబడ్డాడు. "సార్, మధ్యాహ్నం ఆమె క్లిప్‌లో నేను చెయ్యి పెట్టాను. కనిపెట్టి తీసేసింది. తప్పు నాది."

"నీకెందుకయ్యా ఆ పని?"

"ఆమె వెళ్లిపోతుందేమోనని భయమేసింది సార్."

పెద్దాయన కళ్లజోడు తీసి ఇద్దర్నీ చూశారు. "అది నాకు చెప్తే ఏం లాభం?" అని వెళ్లిపోయారు.

కింద గేటు దగ్గర వాన పడుతోంది. అతను దిగొచ్చేసరికి ఆమె వెళ్లకుండా చూరు కింద నిలబడి ఉంది.

"ఇప్పుడు నాతో చెప్పండి."

"మీరంటే ఇష్టం. మీరు చేరిన వారం నుంచీ."

"మరి ఇన్నాళ్లూ నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నారా?"

"ధైర్యం చాల్లేదు. మీకు కోపం ఎక్కువ."

"ఎక్కువే. తగ్గదు కూడా. నా పని నేనే చేసుకుంటా. తప్పుంటే నా మొహం మీదే చెప్పాలి. సరేనా?"

"సరే."

"అయితే ఒకటి చెప్పండి, చూద్దాం."

అతను బయట వానకేసి చూశాడు. "మీ వానలో చినుకులు కొంచెం లావుగా ఉన్నాయి."

ఆమె చూరు బయటికి చెయ్యి చాపి అసలు వానను పట్టి చూసింది. నిజమే, ఈ చినుకులు సన్నగానే ఉన్నాయి.

"రేపు సరిచేస్తా," అని ఆ తడి చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది.