పచ్చదీపం కింద పద్యం

2084 నాటికి ప్రొద్దుటూరులో కష్టానికి గిరాకీ పెరిగింది. పిండి రుబ్బడం మొదలు పద్యం చెప్పడం దాకా అన్నీ యంత్రాలే చేసిపెడుతున్న రోజులు. అందుకని మనిషి ఆయాసపడి చేసినదేదైనా కనబడితే జనం ఎగబడేవారు. బజారులో ‘ఎర్రముద్ర దోసెలు’ అమ్మే హోటలు ముందు పొద్దున్నే బారు కట్టేవారు. వంటవాడి నుదుటి పట్టీ ఎర్రగా వెలిగితేనే దోసె పెనం మీద నుంచి పళ్లెంలోకి దిగేది. రుచి సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ పట్టీ పేరు ప్రయాసమాపకం. జనం నోట్లో ఎఫర్ట్ మీటర్. కనిపెట్టింది డాక్టర్ గౌసియా. మెదడు ముందుభాగానికి నెత్తురు ఎంత జోరుగా వెళుతోందో, అక్కడి కణాలు ఎంత గ్లూకోజ్ ఖర్చుపెడుతున్నాయో అది కొలుస్తుంది. పని తేలికైతే పచ్చదీపం, కొంచెం శ్రమైతే పసుపు, బాగా కష్టమైతే ఎరుపు. ఆలోచనలు అందించే ‘స్ఫురణి’ని మెదడులో పెట్టించుకుని, దాని తెలివిని సొంత తెలివిలా చెలామణీ చేసేవాళ్లను పట్టుకోవడానికి ఆమె దీన్ని తయారుచేసింది. స్ఫురణి మనిషి సొంత కణాలతోనే పెంచింది కాబట్టి ఏ స్కానింగులోనూ కనబడదు. కానీ అది ఉన్నవాడికి కష్టమన్నది తెలియదు, దీపం పచ్చగానే ఉండిపోతుంది. అలా దొంగ దొరికిపోతాడు. దొంగతో పాటు దొర కూడా దొరికిపోతాడని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడామె అవధానసభ వెనక గదిలో నిలబడి చేతులు నలుపుకుంటోంది. ఎదురుగా అవధాని కువలయ తాపీగా మజ్జిగ తాగుతోంది.

“ఇప్పటికి రెండు సభల్లో పచ్చదీపమే వచ్చిందమ్మా. ఈరోజు కూడా అంతే అయితే స్ఫురణి ఉన్నట్టే కమిటీవాళ్లు రాసేస్తారు. జన్మలో మళ్లీ వేదికెక్కలేవు.”

“తెలుసు మేడమ్. నాకు కష్టంగా లేకపోతే నేనేం జేసేది?”

అదే వచ్చిన చిక్కు. పంతొమ్మిదో ఏట కువలయ అవధానం మొదలుపెట్టినప్పుడు పట్టీ నిప్పులా వెలిగేది. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడ్డమైన షరతులూ పెట్టి పద్యాలు అడుగుతుంటే, కాగితం ముట్టకుండా ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదమే చెబుతూ, చివరికి అన్నిటినీ జ్ఞాపకం నుంచి అప్పజెప్పాలి. ఆ రోజుల్లో ఆమె తడబడేది, ఏడ్చేది. ఆ ఎర్రదీపం చూసి జనమూ ఏడ్చేవారు. ఏళ్ల తరబడి సాధన చేశాక మెదడుకు ఆ దారి అలవాటైంది. నడక నేర్చినవాడు అడుగులు చూసుకోడు కదా. పద్యం మెరుగయ్యే కొద్దీ దీపం చల్లబడింది.

గౌసియా ఈ సంగతి సభ నడిపే కమిటీకి మొత్తుకుని చెప్పింది. “సాధనను కూడా నా యంత్రం మోసమనే అంటోంది” అని ఒప్పుకుంది. అధ్యక్షుడు ఓబుళరెడ్డి నవ్వేశాడు. “జనానికి అర్థమయ్యేది దీపమొకటే డాక్టరమ్మా. దాన్నీ నమ్మొద్దంటే ఇంగ సభకెవరొస్తారు?” అన్నాడు.

“ఒక పని చెయ్యి. పద్యం చెప్తూ లోపల్లోపల పెద్ద పెద్ద గుణకారాలు చెయ్యి. దీపం ఎర్రబడుతుంది” అంది గౌసియా. చెప్పాక తన మాటకు తనకే సిగ్గేసింది.

“అది మోసం కాదా మేడమ్?”

“నువ్వు మోసగత్తెవని పేరు పడకుండా ఉండటానికే కదా!”

కువలయ గ్లాసు కింద పెట్టింది. “ఈ పని నన్నెవరూ జెయ్యమన్లే. మా ఇంట్లో వద్దన్నారు, నా స్నేహితులు నవ్వినారు. కష్టమని తెలిసే పట్టుకున్నా. నాదంటూ ఉండేది ఇదొక్కటే. దీన్ని గూడా నాటకం జేస్తే ఇంగ నాకేముంటాది?”

సభ మొదలైంది. వేదిక వెనక పెద్ద తెర మీద ఆమె దీపం గుమ్మడికాయంత కనబడుతోంది. మొదటి ఆవృత్తంలో, ఎనిమిదిమందికీ తొలిపాదాలు చెప్పినంతసేపూ పచ్చ. రెండోదీ పచ్చ. మూడోదాంట్లో జనం గుసగుసలు మొదలుపెట్టారు. “స్ఫురణే పలికిస్తాంది రా” అని ఎవరో గట్టిగానే అన్నారు.

నాలుగో ఆవృత్తంలో పెన్నానది వరద మీద వర్ణన చివరిపాదం మిగిలింది. కువలయ నోరు తెరుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి తెర చూసింది. చూడకుండా ఉండాల్సింది. ఆమె మొహం పాలిపోయింది. దీపం పసుపై, ఎరుపై, భగ్గుమంది.

సభ లేచి చప్పట్లు కొట్టింది. ఆ హోరులోనే ఆమె పాదం పూర్తిచేసింది. యతి తప్పింది. చోటు నింపడానికి ‘గదా, సుమా’ అని రెండు పనికిమాలిన మాటలు పడ్డాయి. వర్ణన అడిగిన పృచ్ఛకుడే తెర వైపు తిరిగి చప్పట్లు కొడుతున్నాడు. ఒక్కరూ పద్యం వినలేదు.

గౌసియా చేతిలోని పలక మీద అంకెలు చూసుకుంది. నెత్తురు పోటెత్తింది గానీ కణాల గ్లూకోజ్ ఖర్చు పెరగలేదు. ఆ ఎరుపు ఆలోచనది కాదు, ఒట్టి భయానిది. పాత సభల ఎరుపులన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. దాదాపు అన్నీ అదే తీరు. ఇన్నేళ్లూ తన యంత్రం జనానికి కష్టమని అమ్మింది ఈ భయాన్నేనా?

ఇక ధారణ. కువలయ ఒక్కొక్క పద్యమే అప్పజెప్పుకుంటూ వచ్చి, పెన్నా పద్యం దగ్గర ఆగింది.

“ఇది తప్పు పద్యం. మీరు చప్పట్లు కొట్టింది దీనికే. నాకు భయమేసింది, యతి తప్పింది. దీన్ని తీసేయండి, సరిగ్గా చెప్తా.”

ఓబుళరెడ్డి గబగబా వచ్చి మైకు మూశాడు. “పద్యం తీసేస్తే ఆ ఎరుపు గూడా పోతాది పాపా. గెలిచినావు, ఊరికే కూచో.”

“గెలిచింది నేను గాదు సార్.”

బతుకులో అంతకంటే కష్టమైన మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అయినా దీపం పచ్చగా, నిశ్చలంగా ఉంది. ఆ పచ్చదనం చూసి జనం మండిపడ్డారు. “చూడు, అదురు లేదు బెదురు లేదు! ఈ మాట గూడా స్ఫురణే చెప్పిస్తాంది!” అని ముందు వరసలో ఒకాయన కేకేశాడు. నిజం చెప్పడానికి మనిషి చెమటలు కక్కాలని వాళ్లకు ఎవరు నేర్పారో గౌసియాకు తెలుసు. ఓబుళరెడ్డి మైకులో నిషేధం చదివేశాడు. కుర్చీలు చప్పుడు చేశాయి, జనం సంచులు సర్దుకుని బయల్దేరారు.

కువలయ మాత్రం కూర్చున్నచోటనే, మైకు లేకుండా, ఆ పాదం సరిచేసి చెప్పింది.

గౌసియా తెర ఆపేసింది. ఇన్ని సభలకు వచ్చి తను ఒక్క పద్యం కూడా చెవిపెట్టి వినలేదని అప్పుడే తోచింది. వేదికెక్కి, పృచ్ఛకుడు వదిలేసి పోయిన కుర్చీలో కూర్చుని, కువలయ నుదుటి పట్టీ తన చేత్తోనే విప్పింది.

“నన్ను క్షమించమ్మా. ఆ పద్యం మొత్తం మళ్లీ ఒకసారి చెప్పవా?”

కువలయ కళ్లు తుడుచుకుంది. “చెప్పింది మళ్లీ ఎందుకు మేడమ్? కొత్తది అడగండి. కొంచెం కష్టమైందే అడగండి.”