మూడో గేరు పట్టుకున్న చెయ్యి

ఏదో విరిగిన చప్పుడు! ఆ వెంటనే కూతురు పెట్టిన కేక...

వంటింట్లో పాలగిన్నె దించుతున్న తల్లి, మసిగుడ్డ చేతిలో ఉండగానే వాకిట్లోకి పరుగెత్తింది. గేటు దగ్గర ఆ పాత ఎర్రకారు. దాని ముందు చక్రం కింద మనవరాలి మూడు చక్రాల సైకిలు! హ్యాండిలు ఒకవైపు, సీటు ఒకవైపు... బుల్లి గంట మాత్రం ఊడి, దొర్లుకుంటూ వచ్చి మెట్టు దగ్గర ఆగింది.

"పిల్ల! పిల్ల ఏదే?"

"లోపలుందమ్మా... చెప్పులు మార్చుకుంటానని ఇప్పుడే లోపలికొచ్చింది. ఇప్పటిదాకా దానిమీదే కూర్చునుందమ్మా... ఇప్పటిదాకా!" కూతురు గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది.

కారు తలుపు తెరుచుకుంది. ఇంటాయన దిగాడు. బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ ముందుకొచ్చి, వంగి, చక్రం దగ్గర తడిమాడు. చేతికి తగిలిందేమిటో తెలిసేసరికి ఆయన ముఖంలో నెత్తురు లేదు. అయినా నడుం నిటారుగా పెట్టి, "ఎండ కళ్ళల్లో పడింది" అన్నాడు.

తెల్లవారినప్పటి నుంచీ మబ్బు పట్టి ఉంది!

"ఎండెక్కడుంది నాన్నా?" కూతురు లేచి వచ్చింది.

"దారికి అడ్డంగా సైకిలు పెడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

"విన్నావా అమ్మా! బిడ్డ ప్రాణం పోయేది... ఈయనకి సైకిలు అడ్డమట! సరే. ఆ కప్ప ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా బిడ్డ ఈ గడప తొక్కదు. నేనూ తొక్కను. మీకు కూతురు కావాలో, కప్ప కావాలో మీరే తేల్చుకోండి!"

పిల్లని చంకనేసుకుని, ఒంటి మీద గుడ్డలతోనే వెళ్ళిపోయింది. "అమ్మమ్మా, నా గంట..." అంటూ పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి చాపుతూనే ఉంది. తల్లి ఆ గంటని తీసి కొంగున కట్టుకుంది. ఏం చేస్తుంది? ఒకవైపు కడుపున పుట్టింది. ఇంకోవైపు కట్టుకున్నవాడు. మధ్యలో ఇనుము!

కప్ప అని దానికి వీధిలో వాళ్ళు పెట్టిన పేరు. ఇద్దరే పట్టే కారు అది. పందేల కారని కంపెనీ వాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు గాని, జనం నవ్వారు. తోక కోసేసినట్టుందని ఒకరు, దీపాలు వేస్తే పైకి లేచే ఆ రెండు గుడ్లూ కప్ప కళ్ళేనని ఒకరు. కొనేవాళ్ళు లేక తయారీయే ఆపేశారు. షోరూము వెనక గోడవారన దుమ్ము కొట్టుకుపోతున్నదాన్ని ఈయన ఏరికోరి తెచ్చుకున్నాడు, పెళ్ళయిన కొత్తలో. ఆయనది కళ్ళద్దాల దుకాణం. మితంగా మాట్లాడే మనిషి. ఆ కారు సంగతి వస్తే మాత్రం నోరు విప్పేవాడు. "నవ్వేవాళ్ళంతా బయట నిలబడి చూసినవాళ్ళే. లోపల కూర్చుని ఒక్క మలుపు తిప్పి చూడమను!"

ఆ జాతి కార్లన్నిటికీ ఒక జబ్బుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరు నిలవదు. గేరు రాడ్డు దానంతటది వెనక్కి జారిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. పక్కన కూర్చునేది ఎవరు? పెళ్ళామే! ఏడాదికోసారి ఆ కార్లున్న వాళ్ళంతా ఒకచోట కలిసేవారు. మగవాళ్ళు బానెట్లెత్తి, పక్కింటివాళ్ళకి పిల్లల్ని చూపించినట్టు ఇంజన్లు చూపించుకునేవారు. ఆడవాళ్ళు ఒక మూల చేరి అరచేతులు చూపించుకునేవారు. బొటనవేలి మొదట్లో అందరికీ ఒకటే కాయ.

"మా ఆయన చేయించిన నగ ఇదొక్కటే వదినా!" అని ఒకావిడ అంటే పగలబడి నవ్వేవారు.

ఆ నవ్వులు రెండేళ్ళ ముచ్చటే అయ్యాయి. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయాడు... ఆమె ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. కళ్ళు తెరిచి, ఆస్పత్రి కిటికీలోంచి చూస్తే ఏముంది? కింద ఆవరణలో ఈయన కారు లోపలికి దూరి, ఏదో తుడుచుకుంటున్నాడు! బిడ్డని మట్టిలో పెట్టి వచ్చిన చేతులతో కారు తుడుస్తున్నాడు! ఆ రోజు ఆమె మనసు విరిగింది. తరవాత కూతురు పుట్టింది, ఇల్లు నిలబడింది, అన్నీ జరిగాయి. కానీ ఆ విరిగింది విరిగినట్టే ఉంది. ఆ కార్లవాళ్ళ కలయికకి మళ్ళీ ఆమె వెళ్ళలేదు. ఇంటి అవసరాలకని తరవాత కొన్న మామూలు కారు ఆమే నడుపుకునేది. కప్ప స్టీరింగు మాత్రం ఆయన ఒక్కనాడూ ఆమె చేతికివ్వలేదు. ఆమె అడగనూ లేదు. కొండెక్కి వెళ్ళాల్సినప్పుడు మాత్రం కప్పలోనే, ఆయన పక్కన, రాడ్డు పట్టుకుని కూర్చునేది.

కూతురు వెళ్ళిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాల వేళ, ఆమె దుకాణానికి వెళ్ళింది. కొన్నాళ్ళుగా ఆమె చూస్తూనే ఉంది. కాఫీ గ్లాసు అంచు దాటి పోసుకోవడం, గడప దగ్గర కాలితో వెతుక్కోవడం, పేపరు తిరగేయకుండా అదే పేజీ పట్టుకుని కూర్చోవడం... అడిగితే, "ఊళ్ళో కళ్ళన్నీ చూసేవాణ్ణి, నా కళ్ళు నాకు తెలీవా?" అని కసురుకునేవాడు.

"ఏమండీ, ఒక్క మాట. మీ బోర్డు మీరే చదవండి. ఆఖరి వరస దాకా చదివితే కారు తాళాలు ఇచ్చెయ్యమని ఎప్పుడూ అడగను. అమ్మాయికి నేనే సర్ది చెప్పుకుంటాను."

ఆయన నవ్వాడు. "నాకే పరీక్షా?" అంటూ, కళ్ళు చూపించుకోవడానికొచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో వెళ్ళి దర్జాగా కూర్చున్నాడు.

ఎదురుగోడ మీద అక్షరాల బోర్డు. పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. ఆమె గోడ దగ్గరకి నడిచింది. మేకు నుంచి బోర్డు తీసింది. చప్పుడు కాకుండా గోడకి ఆనించి, వెనక్కి తిప్పి, కింద పెట్టింది. 

"ఊఁ... చదవండి."

"గ!" అన్నాడాయన. "ట, ప. ర, వ, న..." ఒక్కొక్క వరసే దిగుతున్నాడు. గొంతులో తొట్రుపాటు లేదు. ఎన్ని వందలమంది చదువుతుంటే విన్నాడో, అంతా నోటికే! ఎదురుగా బోసిగోడ. బోర్డు ఉన్నంత మేర తెల్లగా మిగిలిన చదరం, పైన ఒంటి మేకు. ఆ గోడని చూస్తూ ఆఖరి వరస కూడా అప్పజెప్పి, "ఒక్క తప్పు పోయిందా?" అని తలెత్తాడు. ఆ ముఖంలో చిన్నపిల్లాడి గర్వం!

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"లేదండీ... ఒక్క తప్పూ పోలేదు."

బోర్డు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన వేళ్ళు దాని అంచుల వెంట నడిచాయి. ఒక మూల, ఇంకో మూల... వెనకనున్న తాడు దగ్గర ఆగిపోయాయి.  బయట ఎవరో దుకాణం తెరిచి ఉందా అని తొంగిచూసి వెళ్ళిపోయారు.

"పక్కల నుంచి కమ్ముకొచ్చిన చీకటి నడిమికి కూడా వచ్చేసింది" అన్నాడు చివరికి. "వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి, అశ్రద్ధ చెయ్యొద్దని. నా దాకా వచ్చేసరికి... పెద్దాస్పత్రిలో చూపించాను. పోయింది రాదన్నారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తాళాలు తీసుకుంటావు."

"అంతేనా? నాకంటే, కూతురికంటే, ఆ పసిగుడ్డు ప్రాణం కంటే... ఆ ఇనుమే ఎక్కువా మీకు? నా జన్మంతా ఇంతేనా!" ఎన్నేళ్ళుగానో దాచుకున్న ఏడుపు కట్టలు తెంచుకుంది.

ఆయన జేబులోంచి తాళాలు తీసి, తడుముకుని, ఆ బోర్డు మీదే పెట్టాడు.

అప్పటి నుంచి ఇంట్లో రెండు గొంతులూ మూగబోయాయి. పెట్టింది తినేవాడు. షెడ్డు వైపు పోయేవాడు కాదు. ఆమె కూతురికి ఫోను చేసి, "అమ్మేస్తున్నాం, రావే" అంది. కూతురు, "నాన్న కళ్ళ సంగతి ముందే చెప్తే నేనలా అనేదాన్నా అమ్మా..." అని బావురుమంది. ఆ కారుని ముట్టుకునే మెకానిక్కు ఒక్కడే ఉన్నాడు. ఈయన చిన్ననాటి స్నేహితుడు, ఎప్పుడూ జేబులో పానా ఉంటుందని అందరూ పానా అనే పిలుస్తారు. కొండ మీది కాలనీలో కొత్తగా పెళ్ళయిన జంట ఎవరో ఇలాంటి కారు కోసమే తిరుగుతున్నారని అతనే కబురు తెచ్చాడు. ఒకసారి ఇంజను చూసి పోదామని వచ్చి, షెడ్డులో బానెట్ ఎత్తాడు. ఆమె టీ తెచ్చి ఇచ్చింది.

"అంతా శుభ్రంగా ఉంది వదినా. ఆ మూడో గేరుకి ఒక్క చిన్న ముక్క వేసి ఇచ్చేస్తాను. కుర్రాళ్ళు పాపం, అవస్థపడతారు."

ఆమె చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "అది... బాగవుతుందా?"

"బాగవకేం! మిగతావాళ్ళంతా ఎప్పుడో వేయించేసుకున్నారు. మీ అమ్మాయి పుట్టకముందే వచ్చింది ఆ ముక్క."

అరచేతిలో కాయ భగ్గుమన్నట్టయింది! ఇన్నేళ్ళూ... చెయ్యి తిమ్మిరెక్కిపోయి, రాత్రుళ్ళు నూనె రాసుకుని పడుకున్న ఇన్నేళ్ళూ! "అయితే ఆయనకి తెలీదా?"

పానా టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు పానాతో గోరు గీక్కున్నాడు.

"తెలుసు వదినా. నేనే ముక్క పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాను. బాబు పోయిన ఏడాది... మిమ్మల్ని కొండ అవతల డాక్టరమ్మ దగ్గరికి తిప్పుతున్నాడు చూడండి, అప్పుడు. వద్దన్నాడు. ఏరా, ఆవిడ చెయ్యి పడిపోతుంది కదరా అని తిట్టాను కూడా. ఏమన్నాడో తెలుసా? 'ఇంట్లో నా వైపు చూడదురా. మాట్లాడదు. ఆ కొండ ఎక్కేటప్పుడు మాత్రమే ఆవిడ చెయ్యి నాకు దొరుకుతుంది. దాన్ని కూడా బాగుచేసి పారేస్తావా?' అన్నాడు. అంతే. మళ్ళీ నేను ఆ మాట ఎత్తలేదు."

నిజమే... ఎత్తు మొదలవగానే, రాడ్డు మీదున్న తన చేతి మీదకి ఆయన చెయ్యి వచ్చి పడేది. గేరు కోసమే అనుకుంది!

"బిడ్డ పోయిననాడు కూడా ఆయన ఆస్పత్రి కింద కారే తుడుచుకుంటున్నాడు పానా..." అంది ఆమె.

"ఆ రోజా? మీరు చూశారా ఏం? అది తుడవడం కాదు వదినా. బాబుని ఇంటికి తెచ్చుకోవడానికని సీటు వెనక బుట్ట బిగించుకున్నాడు. ఇద్దరే పట్టే కారు కదా మరి! మీరు దిగివచ్చేసరికి అది మీ కంట పడకూడదని ఊడదీశాడు. మరలు పట్టేసి రాలేదు. నేనే పానా అందించాను. అక్కడే కూర్చుని ఏడ్చాడు." అతను సీటు వెనక వేలు పెట్టి చూపించాడు. నాలుగు చిన్న చిల్లులు. ఎన్నేళ్ళ నుంచో ఆమె భుజం వెనకే ఉన్నాయి!

ఆమె ఆ చిల్లుల మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మాట... ఒక్క మాట ఎవరో ఒకరు అడిగి ఉంటే! అడగనిది తాను. చెప్పనిది ఆయన. మధ్యలో పాపం, ఈ కప్ప ఇద్దరినీ మోసింది.

"పానా," అంది కళ్ళు తుడుచుకుని. "ఆ ముక్క ఇప్పుడు వెయ్యొద్దు."

కారు అప్పజెప్పే రోజున కూతురు మామూలు కారు తీసుకుని, కొండ మీదికి ముందే వెళ్ళింది, తిరిగి వచ్చేటప్పుడు వీళ్ళని తీసుకురావడానికి. కప్పని నడుపుదామని పానా తాళాల కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. భర్త చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఎడంవైపు తలుపు తీసింది. ఎన్నడూ కూర్చోని సీటులో, కాళ్ళెక్కడ పెట్టాలో తెలియనట్టు కూర్చున్నాడాయన.

"ఎవరు నడుపుతున్నారు?"

"నేనే."

"నువ్వా! దీని క్లచ్చి మొండిది..."

"మొండివాళ్ళతో వేగడం నాకు కొత్తా?"

ఆయన పెదవి మీద ఏదో కదిలింది. కారు ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ అందుకుంది. వీధి చివర కుర్రాళ్ళు "కప్పోయ్!" అని అరిచారు. మలుపు వచ్చింది. ఆమె తిప్పింది. నేలని కరుచుకుని, తాడు కట్టి లాగినట్టు తిరిగిపోయింది కారు! ఆమెకి తెలియకుండానే "అబ్బా!" అంది.

"చూశావా," అన్నాడాయన మెల్లిగా. "లోపల కూర్చుంటేగాని తెలీదు."

కొండ ఎత్తు మొదలైంది. ఇంజను గొంతు మారింది. ఆమె మూడో గేరు వేసింది. రాడ్డు వణుకుతూ వెనక్కి జారబోయింది.

"పట్టుకోండి," అంది.

ఆయన కుడిచెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చింది. రాడ్డు దొరికింది. గట్టిగా పట్టుకున్నాడు. ఆమె తన ఎడంచెయ్యి తెచ్చి ఆయన చేతి మీద వేసింది. గేరు కోసం కాదు.

"పానా అంతా చెప్పాడు" అంది, దారి మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు ఆయనకి. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కొండ కొస దాకా రాడ్డు జారలేదు.

కాలనీ గేటు దగ్గర కొత్త జంట ఎదురుచూస్తున్నారు. పక్కన కూతురు, దాని చంకలో పిల్ల. తాత దిగగానే పిల్ల చేతులు చాపింది. అమ్మమ్మ కొంగు ముడి విప్పి గంట తీసింది. తాత చేతిలో పెట్టి, "మీరే ఇవ్వండి" అంది. ఆయన గంట మోగించాడు. ఆ చప్పుడుకి పిల్ల నవ్వింది. ఆ నవ్వు ఎటునుంచి వచ్చిందో అటు తిరిగి చెయ్యి చాపాడు. కూతురు కళ్ళనీళ్ళతో తండ్రి భుజానికి తల ఆనించుకుంది. "క్షమించు నాన్నా..."

"తప్పు నాదమ్మా" అన్నాడాయన. ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

కొత్త పెళ్ళికూతురు అప్పటికే ఎడంవైపు కూర్చుని గేరు రాడ్డు పట్టుకుని చూస్తోంది. "ఎత్తులో దీన్ని నేనే పట్టుకోవాలటగా ఆంటీ? మా ఆయన ఇందాకటి నుంచీ ఒకటే నవ్వు. ఇది బాగుచేయించుకోవచ్చా?"

ఆమె తన అరచేతిలో కాయని బొటనవేలితో ఒకసారి రుద్దుకుంది. పక్కన భర్త తల వంచుకుని వింటున్నాడు.

"చేయించుకోవచ్చమ్మా," అంది. "తొందరేం లేదు."