మ్యాపుల గదిలో మాస్టారు

అధ్యాపక మండలి అధ్యక్షురాలు డిటెక్టివ్ ఆఫీసులోకి వస్తూనే, కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మా డిపార్టుమెంటు హెడ్‌ని మేమే చేతులెత్తి ఎన్నుకుంటామండీ. ఈసారి పోటీలో నేనూ, మా మైకు మాస్టారి బావమరిదీ ఉన్నాం. సరిగ్గా మీటింగు వేళకి ఎవరో మాస్టారిని మ్యాపుల గదిలో పెట్టి తలుపేసేశారు. ఒక్క మనిషి తక్కువై కోరం చాల్లేదు. ఇక హెడ్‌ని పైవాళ్లే వేస్తారట. కావాలని బంధించారని తేలితేనే మళ్లీ మీటింగు పెట్టుకోనిస్తారు. ఆ మనిషెవరో పట్టుకోండి!"

అసిస్టెంటు మనసులో అప్పటికే బావమరిదికి సంకెళ్లు వేసేసింది. డిటెక్టివ్ మాత్రం ముందు గది చూద్దామన్నాడు.

ఆ తలుపు మూస్తే దానంతటదే తాళం పడుతుంది, లోపలినుంచి తీయలేరు. అందుకే వెళ్లేవాళ్లు గడప మీద ఇనుప స్టూలు అడ్డం పెట్టుకుంటారు.

"తలుపు తీసింది మీరేనా?" అని పక్క గది లెక్చరర్‌ని అడిగాడు డిటెక్టివ్.

"నేనేనండీ, మ్యాపు కోసమని వచ్చి తీశాను. మాస్టారు ఆ మూల ఈ స్టూలు మీదే కూర్చునున్నారు."

"అంతసేపూ మీరు పక్క గదిలోనే ఉన్నారా?"

"ఉన్నానండీ. నాకింకా ఓటు లేదు కదా, పేపర్లు దిద్దుకుంటున్నాను. చీమ చిటుక్కుమన్నా వినపడేది."

"ఆయన్ని మైకు మాస్టారని ఎందుకంటారు?"

"ఆయన పాఠం చెబితే మూడు క్లాసులకి వినపడుతుందండీ!" అని నవ్విందామె. డిటెక్టివ్ నవ్వలేదు.

సాయంత్రం అందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టాడు.

"గడప మీది స్టూలు తీస్తేగాని తలుపు పడదు. బయటివాళ్లు తీసుంటే అది బయటే ఉండాలి. కానీ లోపల మూలనుంది. పైగా మూడు క్లాసులకి వినపడే గొంతు పక్క గదికి వినపడలేదు. మాస్టారూ, మీరు కేకే వెయ్యలేదు. తలుపు మీరే వేసుకున్నారు."

మైకు మాస్టారు అధ్యక్షురాలి ముందు తల దించుకున్నాడు. "మీ ఇద్దరికీ ఓటేస్తానని మాటిచ్చానక్కా. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేనొక్కణ్ణి లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నా."

కేసు తేలినప్పుడల్లా పొంగిపోయే అసిస్టెంటుకు, ఈ ఒక్కసారి తమ సార్ లెక్క తప్పి ఉంటే బాగుండేదనిపించింది.

అధ్యక్షురాలు లేచి మాస్టారి ఎదుటికి వచ్చింది. "మీ బావమరిదికే చెయ్యెత్తినా, మర్నాడు నీతో కూర్చుని టీ తాగేదాన్ని కదరా తమ్ముడూ. ఇప్పుడు మనం చెయ్యెత్తడానికి ఏం మిగిలింది?"

మాస్టారు ఏదో అన్నాడు. పక్క కుర్చీలో ఉన్న బావమరిదికి కూడా అది వినపడలేదు.